తమ వాళ్లకి నిజం చెప్పే ధైర్యం ఎవరికీ లేదు

అమెరికాలో మీడియా పక్షపాతం అనే మాట ఎత్తితే చాలు, మన తెలుగు గ్రూపుల్లో రెండు జట్లు తయారవుతాయి. ఒకరు రిపబ్లికన్ల వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్‌ని తిడతారు, ఇంకొకరు డెమోక్రాట్ల వైపు మొగ్గుతుందనే సీఎన్ఎన్‌ని తిడతారు. నాకు ఇద్దరి మీదా కోపమే. రెండు పార్టీల మీదా కోపమే. తమని నమ్ముకున్న జనానికి నచ్చని నిజం చెప్పాల్సి వస్తే అందరూ తప్పించుకుంటున్నారు.

ఫాక్స్ సంగతి కోర్టు కాగితాల్లోనే ఉంది. 2020 అధ్యక్ష ఎన్నికల్లో డొమినియన్ అనే కంపెనీ ఓటింగ్ యంత్రాలతో మోసం జరిగిందనే ఆరోపణలకు ఆ ఛానెల్ వారాల తరబడి చోటిచ్చింది. లోపల మాత్రం ఆ మాటలు నమ్మడం లేదని దాని యాంకర్లే ఒకరికొకరు మెసేజ్‌లు పెట్టుకున్నారు. నిజం చెబితే ప్రేక్షకులు వేరే ఛానెల్‌కి పోతారని భయం. 2023 ఏప్రిల్‌లో, సరిగ్గా విచారణ మొదలయ్యే వేళకి, డొమినియన్ వేసిన పరువునష్టం దావాలో 78.75 కోట్ల డాలర్లు కట్టి రాజీ చేసుకున్నారు. డబ్బు డొమినియన్‌కి వెళ్లింది. ఆ మాటలు నమ్మి పక్కింటివాడి ఓటుని కూడా అనుమానించిన మామూలు మనిషికి ఏం దక్కింది? ఛానెల్‌లో క్షమాపణ కూడా చెప్పలేదు!

ఇటువైపు బైడెన్ వయసు సంగతి. 2024 ఫిబ్రవరిలో, రహస్య పత్రాల కేసులో బైడెన్‌ని విచారించిన ప్రత్యేక న్యాయవాది రాబర్ట్ హర్ తన నివేదికలో ఆయన జ్ఞాపకశక్తి గురించి రాస్తే, డెమోక్రాట్లూ వాళ్ల వైపు మీడియా రాసినాయన ఉద్దేశాల మీద చర్చ పెట్టారు. జూన్ మొదట్లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ఇదే సంగతి రాస్తే ఆ కథనాన్నే తప్పుపట్టారు. జూన్ 27న ట్రంప్‌తో జరిగిన అట్లాంటా డిబేట్‌లో దేశమంతా కళ్లారా చూసింది. ఆ మర్నాడే ఆయన తప్పుకోవాలని న్యూయార్క్ టైమ్స్ సంపాదకీయం రాసింది. జూలై 21న తప్పుకున్నారు కూడా. కానీ అప్పటికే ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థిని ఓటర్లు ఎంచుకునే ఎన్నికలు, అయిపోయాయి. ఫ్లోరిడాలోనైతే డెమోక్రాటిక్ పార్టీ బైడెన్ పేరొక్కటే పంపి ప్రైమరీయే లేకుండా చేసింది. ప్రజాస్వామ్యాన్ని కాపాడండి అని మనల్ని ఓటడిగే పార్టీ తన సొంత ఓటర్లకి ఇచ్చిన విలువ ఇది.

రిపబ్లికన్లు తక్కువ తిన్నారా? 2024 ఎన్నికల కోసం జరిగిన ఒక్క ప్రైమరీ డిబేట్‌కి కూడా ట్రంప్ రాలేదు, పార్టీ సర్దుకుపోయింది. 2024 ఫిబ్రవరిలో రెండు పార్టీల సెనేటర్లు కలిసి తయారుచేసిన సరిహద్దు బిల్లుని, ట్రంప్ వద్దనగానే రిపబ్లికన్లు వదిలేశారు. ఆ తర్వాత ఎన్నికలయ్యేదాకా అదే సరిహద్దు మీద ప్రచారం చేశారు.

నేను టెక్సస్‌లో ఓటేస్తాను. 1976 తర్వాత ఇక్కడ అధ్యక్ష ఎన్నికలో డెమోక్రాట్ గెలవలేదు. కాబట్టి వాళ్లకి మా మీద ఆశ లేదు, వీళ్లకి మా గురించి బెంగ లేదు. మీడియా అంతా పెన్సిల్వేనియా, మిషిగన్ లాంటి, ఎవరు గెలుస్తారో చెప్పలేని ఏడు రాష్ట్రాల చుట్టూనే తిరుగుతుంది.

ఇక మన బాధ. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఏ దేశానికైనా 7 శాతం పరిమితి, అందుకే దరఖాస్తులు ఎక్కువున్న మన ఇండియా వాళ్లకి ఏళ్ల తరబడి నిరీక్షణ. దీన్ని తీసేసే బిల్లు 2019 జూలైలో హౌస్‌లో (ప్రతినిధుల సభలో) 365-65తో గెలిచింది. 2020 డిసెంబర్‌లో సెనేట్ మరో రూపంలో ఆమోదించింది. రెండింటినీ కలిపి ఒక చట్టం చేయకుండానే ఆ కాంగ్రెస్ గడువు ముగిసింది. 2022 డిసెంబర్‌లో ఇదే పరిమితిని తీసేసే ఈగిల్ యాక్ట్ అనే బిల్లు హౌస్‌లో ఓటింగ్ దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడు హౌస్ డెమోక్రాట్ల చేతిలోనే ఉంది. ఈ మధ్యలో ఎంతమంది పిల్లలకి 21 ఏళ్లు నిండి, తల్లిదండ్రుల వీసా మీద ఉండే వీలు పోయి, పెరిగిన దేశంలోనే మళ్లీ స్టూడెంట్ వీసా వెతుక్కోవాల్సి వచ్చిందో ఆ తల్లిదండ్రులని అడగండి. ఏ ప్రైమ్ టైమ్ చర్చలోనూ వాళ్ల గోడు నాకు వినపడలేదు.

మన తెలుగు ఛానెళ్లు కూడా అంతే. 2024లో ట్రంప్ తన ఉపాధ్యక్ష అభ్యర్థిగా జేడీ వాన్స్ పేరు ప్రకటించగానే, ఆయన భార్య ఉషా చిలుకూరి పూర్వీకుల ఊరు వడ్లూరుకి కెమెరాలు పరుగెత్తాయి. ఆ ఊరి వాళ్లు సంతోషించడంలో తప్పు లేదు. కానీ ఆయన పార్టీ వలసల మీద ఏమంటోందో అంత శ్రద్ధగా ఎవరు చెప్పారు? 2025 సెప్టెంబర్‌లో హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు అనగానే, సెలవు మీద ఇండియా వెళ్లినవాళ్లు దొరికిన టికెట్ కొనుక్కుని బయల్దేరారు. ఇది కొత్త దరఖాస్తులకే అని వైట్ హౌస్ మర్నాడు చెప్పేదాకా ఒక్కొక్క ఇంట్లో ఎంత టెన్షన్!

ఎన్నికలొస్తే మన ఉగాదికీ బతుకమ్మకీ అభ్యర్థులు వస్తారు, నమస్తే అంటారు, ఫొటోలు దిగుతారు, విరాళాలు తీసుకుంటారు. అసోసియేషన్ పెద్దలకి నా విన్నపం: శాలువా కప్పేముందు ఒక్క ప్రశ్న అడగండి. 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లు వస్తే ఓటేస్తారా, వేయరా? అందరి ముందూ, మైకులోనే అడగండి. జవాబు వీడియో తీసి గ్రూపులో పెట్టండి, ఏ పార్టీ వాళ్లదైనా సరే.