మే నెలలో కనబడని మొక్క

వానలు కాస్త పట్టాక హైదరాబాద్ నగరంలో మిగిలిన ఏ గుట్ట అయినా ఎక్కి, ఎండ నేరుగా పడని వైపు బండల సందుల్లో వెతికితే ఒక చిన్న మొక్క కనబడొచ్చు. జానెడు కూడా ఉండదు. సన్నటి కాడ చివర ఆకు విసనకర్రలా విచ్చుకుని ఉంటుంది. బొమ్మల కొలువులో పెట్టిన తాటిచెట్టు అనుకుంటారు పిల్లలు. నెమలి పింఛంలా ఉందని మన పెద్దలు దానికి మయూరశిఖ అని పేరు పెట్టారు. వైద్యంలోనూ వాడారు. ఇది ఫెర్న్ జాతి మొక్క. పువ్వు పూయదు, కాయ కాయదు. ఆకు అడుగున అంచుల వెంట ఉండే పొడిలాంటి సిద్ధబీజాలతోనే దాని వంశం సాగుతుంది. వాటిలోంచి మళ్లీ మొక్క రావాలంటే పలుచగానైనా నీటి పొర ఉండాలి. బండ సందులో పేరుకున్న చిటికెడు మట్టి, దాన్ని పట్టి ఉన్న తడి, అదే దాని లోకం.

ఆఫ్రికా నుంచి మన దాకా రాతినేలల్లో పెరిగే మొక్కే ఇది, హైదరాబాద్‌కే సొంతమైనదేమీ కాదు. కానీ దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న మన గ్రానైట్ బండలను బ్లాస్టింగ్ చేసి చదును చేస్తూ పోతుంటే నగరంలో దానికి చోటెక్కడ? చెట్టును కొట్టాలంటే నీరు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం ప్రకారం అనుమతి కావాలి. బండ విషయానికొస్తే సర్కారు దాన్ని ఖనిజంగా లెక్కగడుతుంది, బిల్డరు అడ్డంకిగా చూస్తాడు. దాని సందులో బతికేది ఎవరి రిజిస్టర్‌లోనూ ఎక్కదు. బండకు పసుపు కుంకుమ పెట్టి మైసమ్మ అంటే మాత్రం జేసీబీ పక్కకు తిరిగి పోతుంది. ఆ లెక్కన నగరంలో ఎక్కువ బండలను కాపాడింది అమ్మవారేనేమో!

ప్రయత్నాలు జరగలేదని కాదు. 1996 నుంచి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ అనే సంస్థ బండలను కాపాడాలని చెబుతోంది. హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) నిబంధనల్లో 13వది వారసత్వ సంపదను కాపాడేది, దాని కింద ఉన్న జాబితాలో కొన్ని బండల సముదాయాలకు చోటు దక్కింది కూడా. 2015 చివర్లో ప్రభుత్వం ఆ 13వ నిబంధననే తీసేసింది. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపినప్పుడు అందరం సంతోషించాం. మేమూ రాశాం. అప్పుడు కూడా చర్చంతా చెట్ల చుట్టూ, జింకల చుట్టూ, నెమళ్ల చుట్టూ తిరిగింది. బండ సందు దాకా ఎవరి చూపూ పోలేదు, మాదీ పోలేదు.

మాకు ఎక్కువ ఇబ్బందిగా అనిపిస్తున్నది సర్వే చేసే కాలం. ఎండాకాలంలో మయూరశిఖ ఆకులు ముడుచుకుని, గోధుమరంగుకు తిరిగి, ఎండుగడ్డి పోచల్లా అయిపోతాయి. చూసినవాళ్లు చచ్చిపోయిందనుకుంటారు. రెండు మంచి వానలు పడగానే అవే ఆకులు మళ్లీ విచ్చుకుని పచ్చబడతాయి. మే నెలలో గుట్ట మీదకు వచ్చిన అధికారి ‘మొక్కలేమీ లేవు, ఉత్త రాళ్లు’ అని రాస్తే ఆయన అబద్ధం రాసినట్టు కాదు. వచ్చిన నెలే తప్పు.

కాబట్టి మేం అడిగేది చిన్న విషయం. గుట్టను తొలిచే ఏ పనికైనా అనుమతి ఇచ్చే ముందు జులై, సెప్టెంబరు మధ్య ఒక్కసారి వృక్షశాస్త్రం తెలిసినవాళ్లతో బండల సందులు చూపించాలి. ఆ నివేదికను ఫైలులో పెట్టి ఊరుకోకుండా జనం ముందు పెట్టాలి. చెట్లనైతే పెకలించి వేరేచోట నాటామని చెప్పుకోవచ్చు, సందును మోసుకెళ్లి నాటలేం కదా. పాత సున్నపు గోడలను శుభ్రం చేయించేవాళ్లకూ ఒక మాట: గోడను చీల్చే రావి మొక్కను తీసేయండి. మయూరశిఖకు అంత వేరు లేదు, దాన్ని వదిలేయండి.

ఇవేవీ కొత్త చట్టం కోసం ఆగాల్సిన పనులు కావు. అనుమతి పత్రంలో ఒక షరతు చేరిస్తే చాలు. వానలు వెళ్లిపోయాక మళ్లీ ఏడాది ఆగాలి. ఈలోపు ఎన్ని గుట్టలు కంకరగా మారతాయో లారీలు తోలేవాళ్లను అడిగితే తెలుస్తుంది.