ఓలిగకు నెయ్యి, కారుకు పవరు

అనంతపురంలో మనిషి పరువు తేలేది పెట్రోలు బంకులో. "నార్మలా, పవరా అన్నా?" అని కుర్రాడు అడుగుతాడు. వెనక రెండు బైకులు, ఒక ఆటో. పక్క సీట్లో ఇల్లాలు. ఇంతమంది వింటుండగా "నార్మల్" అనాలంటే గుండె ధైర్యం కావాలి. అల్లుడికి ఓలిగ వడ్డించి, నెయ్యి గిన్నె వెనక్కి తీసుకుపోయినట్టు ఉంటుంది.

మా బామ్మర్ది ఆ తప్పు ఎన్నడూ చేయలేదు. రెండేళ్ల కింద టర్బో పెట్రోలు కారు కొన్నాడు. 160 గుర్రాల బలమట. ఆ 160 గుర్రాలూ రోజూ సాయినగర్ నుంచి టవర్ క్లాక్ దాకా, ఆటోల వెనక రెండో గేరులో, తలలు వంచుకుని నడుస్తాయి. "దీనికి నార్మల్ పోస్తే ఇంజను ఏడుస్తుంది బావా" అంటాడు. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు గానీ, ఇంజను మనసు మాత్రం వాడికి తెలుసు.

వాడి ఆర్థిక విధానం కూడా గొప్పది. సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోతే లీటరు మన కంటే ఆరేడు రూపాయలు తక్కువ. మన పన్నుల మహిమ అది. అందుకని ఆదివారం పొద్దున్నే బయల్దేరి, కొడికొండ చెక్‌పోస్టు దాటుకుని, వంద కిలోమీటర్ల పైచిలుకు పోయి బాగేపల్లిలో ట్యాంకు నింపుతాడు. నలభై ఐదు లీటర్లకు మూడు వందలు మిగులు. అయితే అక్కడ కొట్టించేది పవరు. అది మామూలు దాని కన్నా లీటరుకు ఏడెనిమిది రూపాయలు ఎక్కువ. మిగిల్చిన మూడు వందలూ అక్కడే సమర్పించి, పైన ఇంకో పాతిక, యాభై వేసి వస్తాడు. రానూపోనూ కాలే పదిహేను లీటర్ల సంగతి అడిగితే, "అది లాంగ్ డ్రైవ్ కదా" అంటాడు. ఆ ఖర్చు వేరే పద్దు.

పవరు అంటే ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు. ఇంతకీ ఆ ఆక్టేన్ అంటే ఏమిటో మన బంకు సంస్కృతి ఎన్నడూ అడగలేదు. ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది. ప్లగ్గు నిప్పు పెట్టాక అది ఒక పక్క నుంచి వరసగా అంటుకుంటూ పోవాలి. అలా కాక, వేడికీ ఒత్తిడికీ తాళలేక ఏదో ఒక మూల తనంతట తానే భగ్గుమంటే దాన్ని నాకింగ్ అంటారు. మన పెళ్లిళ్లలో మొదటి బంతి లేవకముందే రెండో బంతివాళ్లు కుర్చీల వెనక వచ్చి నిలబడతారు చూడండి. వాళ్లలో ఒకడు తొందరపడి విస్తరి లాక్కుంటే ఏ రభస అవుతుందో, ఇదీ అదే. పెట్రోలుకు ఆ ఓర్పు ఎంత ఉందో చెప్పే మార్కులే ఆక్టేన్. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి నూరు, హెప్టేన్ అనే దానికి సున్నా వేసి, మిగతావాటిని ఆ లెక్కన కొలుస్తారు. 95 వచ్చిన పెట్రోలు 91 వచ్చినదాని కన్నా ఇంకాస్త ఓర్చుకుంటుంది, అంతే. అందులో అదనంగా గుర్రాలేమీ కట్టి ఉండవు.

ఆ ఓర్పు అక్కరకొచ్చే చోటు ఉండదని కాదు. మూత మీద కచ్చితంగా 95 పోయాలని రాసిన కార్లున్నాయి, వాటికి నోరు మూసుకుని అదే పోయాలి. నడి మేలో ఏడుగురు పెళ్లివాళ్లను కూరుకుని, ఏసీ వేసుకుని గువ్వలచెరువు ఘాట్ ఎక్కే టర్బో కారుకు ఎక్కువ ఆక్టేన్ కొంత మేలు చేస్తుందంటే నమ్ముతాను. బయటి గాలి ఎంత వేడిగా ఉంటే నాకింగ్ అంత దగ్గర. అప్పుడు కూడా కొంప మునగదు. ఇప్పటి ఇంజన్లకు నాక్ సెన్సర్ అని ఒక చెవి ఉంటుంది. టకటక వినబడగానే కంప్యూటరు నిప్పు పెట్టే వేళను సవరిస్తుంది. బలం కాస్త తగ్గుతుంది, ఇంజను బతుకుతుంది. ఏడవడం మాత్రం ఉండదు.

పైగా ఇప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మామూలు పెట్రోల్లోనే 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. మైలేజీ తగ్గిందని జనం గోల పెడితే, ఆ పెట్రోలు ఆక్టేన్ 91 నుంచి 95కు పెరిగిందని 2025 ఆగస్టులో కేంద్ర పెట్రోలియం శాఖే చెప్పింది. బామ్మర్ది డబ్బు ఎక్కువిచ్చి కొనే పవరు మీద ఉన్న అంకె కూడా 95. ఈ వార్త చూపిస్తే ఫోను అటూ ఇటూ తిప్పి, "అయితే నాకు నూరు కావాలి" అన్నాడు. ఇండియన్ ఆయిల్ 2020 డిసెంబరులో నూరు ఆక్టేన్ పెట్రోలు తెచ్చినప్పుడు లీటరు 160 రూపాయలు. గుర్రానికి రూపాయి లెక్కన సరిపోతుందని సలహా ఇచ్చాను.

మొన్న బంకులో ఇద్దరం దిగాం. పెట్రోలు మూత తెరిపించాను. లోపల స్టిక్కరు ఉంది గానీ, వాహన పూజనాడు పూజారి మూతక్కూడా బొట్టు పెట్టాడు. కుంకుమ ఎండి సరిగ్గా అంకె మీదే పెచ్చు కట్టింది. కారు కొన్నప్పటి నుంచి ఆ మూత ఎన్నిసార్లు తెరిచారో, ఒక్కరూ గీకి చూడలేదు. గోటితో గీకాను. మినిమం 91.

"చూశావా?" అన్నాను.

కళ్లద్దాలు పైకెత్తి మరీ చదివాడు.

"మినిమం అనుంది చూడు బావా. మనం మినిమం మనుషులమా?"

బంకు కుర్రాడు అప్పటికే పవరు గొట్టం చేతిలోకి తీసుకున్నాడు. "జీరో చూసుకోండన్నా."