సర్దుబాటు ఛార్జీగారికి, సర్దుకోలేని అద్దెదారు

గౌరవనీయులైన ఇంధన, విద్యుత్ కొనుగోలు వ్యయ సర్దుబాటు ఛార్జీగారికి,

మీ పూర్తి పేరు రాసేసరికే ఒక వరుస నిండింది. బిల్లు మీద మాత్రం FPPCA అనే ఐదు పొట్టి అక్షరాలుగా, పెళ్లి బంతిలో ఆఖరున వచ్చి ఇరుక్కున్న చుట్టంలా ఒదిగి కూర్చుంటారు. వడ్డన మాత్రం మీ విస్తట్లోకే ఎక్కువ.

నిన్న మీ కోసమే సగం రోజు సెలవు పెట్టి కరెంటు ఆఫీసుకు వెళ్లాను. ఈ ఇంట్లో నేను దిగింది 2024 జూన్‌లో. మీరు అడుగుతున్నది 2022-23 నాటి బాకీ. మొదటి కౌంటరు రెండో కౌంటరును చూపించింది, రెండోది అసిస్టెంట్ ఇంజనీరు ఏఈగారి గదిని చూపించింది, ఏఈగారు ఫీల్డుకు వెళ్లారు. సాక్ష్యానికని ఏడాది బిల్లులు కవరులో పెట్టుకుని వెళితే, వాటిలో సగం తెల్లబోయి ఉన్నాయి. అక్షరాలన్నీ ఎగిరిపోయాయి. కౌంటరులో ఆయన ఒకదాన్ని ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుని, "ఇది ఏ నెలదండీ?" అని నన్నే అడిగారు. మీ కాగితానికి ఆరు నెలల జ్ఞాపకం కూడా లేదు. మీకు మాత్రం మూడేళ్ల కిందటి యూనిట్లు కంఠస్థం.

గంటన్నర తర్వాత ఒక పెద్దాయన జాలిపడి రహస్యం చెప్పారు. "బాకీ మనిషిది కాదు బాబూ, సర్వీసు నంబరుది."

ఇంటికి వచ్చి హాల్లో కూర్చుని గోడ వైపు చూశాను. కిటికీ పైన గుండ్రటి కన్నం ఉంది. నాకు ముందున్నవాళ్లు ఏసీ పైపు కోసం కొట్టించుకున్నది. వెళ్తూ ఏసీ తీసుకెళ్లారు, కన్నం వదిలేశారు. పిచ్చుకలు దూరకుండా నేను దాంట్లో పాత దినపత్రిక కుక్కాను. వాళ్లు 2022 వేసవిలో దుప్పటి కప్పుకుని పడుకున్న చల్లదనానికి నేను ఈ వేసవంతా ఫ్యాను కింద తడిసి ముద్దవుతూ డబ్బు కట్టాను. ఓనరుగారిని అడిగితే, "కరెంటు మీరే కట్టుకోవాలని ముందే చెప్పాను కదండీ" అన్నారు. చెప్పారు, నిజమే. ఎవరి కరెంటో చెప్పలేదు.

మీరు ఎలా పుడతారో తెలియక అడగడం లేదు. ఏడాది మొదలుకాకముందే మన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థలు ఇంత బొగ్గు, ఇంత కొనుగోలు అని అంచనాలు సమర్పిస్తాయి. నియంత్రణ మండలి వాటిని కత్తిరించి ధర ఖాయం చేస్తుంది. తీరా ఎండలు ముదిరాక బొగ్గు అందదు, మార్కెట్లో చెప్పిన ధరకు కొంటారు. ఆ తేడాయే మీరు. తేడా ఎవరో ఒకరు కట్టక తప్పదు, ఒప్పుకుంటాను. అందుకేగా నెలనెలా యూనిట్‌కు 40 పైసల దాకా అప్పటికప్పుడే తీసుకుంటున్నారు! అది చాలక 2022-23కి 6,072 కోట్లు, 2023-24కి 9,412 కోట్లు అంటూ 2024 చివర్లో జంటగా దిగారు. అంతకుముందు 2014 నుంచి 2019 దాకా ఐదేళ్ల లెక్కను 2022 ఆగస్టులో తెచ్చారు. తద్దినం పెట్టే వేళకు పురిటి మంత్రసాని కూలి అడిగినట్టు.

ఇంత జరుగుతున్నా ఏటా ఒక వార్త వస్తుంది: "ఈ ఏడాది కరెంటు ఛార్జీల పెంపు లేదు." అబద్ధం కాదు. పెంపు లేదు. నువ్వున్నావు.

ఇక "మీరు" అనలేను, క్షమించు. నీ జాతకం నాకు తెలుసు. 1999 ఫిబ్రవరిలో సంస్కరణల పేరుతో ఉమ్మడి రాష్ట్ర విద్యుత్ బోర్డును విడగొట్టినప్పుడు, ఇకమీదట ధర రాజకీయాల చేతుల్లో ఉండదని, ఖర్చెంతో ధరెంతో కళ్లెదుటే ఉంటుందని చెప్పారు. మరుసటి ఏడాదే ఛార్జీలు పెంచారు. ఆ పెంపు మీద నిరసనకు దిగినవాళ్లపై 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ముగ్గురు చనిపోయారు. ఆ చావుల నుంచి నాయకులు నేర్చుకున్నది ధర తగ్గించడం కాదు, ధర పెంచుతున్నామని వీధి వాకిట్లో నిలబడి చెప్పకూడదని. నువ్వు దొడ్డి గుమ్మం. ప్రతిపక్షంలో ఉండగా నిన్ను తిట్టని పార్టీ లేదు, గెలిచాక నిన్ను గెంటేసిన పార్టీ లేదు. ఆ ఖర్చు వాళ్లదని వీళ్లు, వసూలు వీళ్లదని వాళ్లు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఇద్దరికీ కలిపి నేను కడుతున్నాను.

(225 యూనిట్లు దాటగానే యూనిట్ ధర 6 రూపాయలు కాస్తా 8.75 కావడం, రీడింగు తీసే అబ్బాయి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చిన నెలలోనే నేను దాటడం వేరే ఉత్తరం. అది మీ స్లాబుగారికి రాసుకుంటాను.)

అయినా ఒక మాట దాచకూడదు. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసలు తిరిగి ఇస్తున్నావు. 2024-25లో ఎక్కువ తీసుకున్నావని, 923 కోట్లు వెనక్కి ఇవ్వమని మండలి చెప్పిందట. బిల్లులో ఆ మైనస్ గుర్తును కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాను. పోనీలే, వీడికీ కాస్త సిగ్గుంది అనుకున్నాను. 2026 అక్టోబరు దాకా ఏడాది పాటు ఇస్తావట. నేను సంక్రాంతికి ఇల్లు మారుతున్నాను. మిగిలిన పైసలన్నీ, ఆ కన్నంతో సహా, రాబోయేవాళ్లవి.

కొత్త ఇంటికి వెళ్లినప్పుడు నీళ్ల సంగతి, వాస్తు సంగతి అడగలేదు. పాత కరెంటు బిల్లులు చూపించమన్నాను. ఓనరుగారు లోపలికి వెళ్లి ఇనుప ఊచకు గుచ్చిన కట్ట తెచ్చి చేతిలో పెట్టారు. అన్నీ తెల్ల కాగితాలే. చేసేది లేక తలెత్తి గోడలు చూసుకున్నాను.

మూడు కన్నాలున్నాయి.

ఇట్లు
సంక్రాంతి వరకు ఈ సర్వీసు నంబరు