మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళాలు కుక్కే మహానుభావులారా

ఈ ఉదయం మా ఊరి బస్టాండులో ఒక కుర్రవాడు ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అందరికన్నా ముందు ఒక పెద్దమనిషి పరుగున వచ్చి, బిగుసుకుపోయిన అతని పిడికిలిని బలవంతంగా విప్పి, మోటారు సైకిలు తాళాల గుత్తిని అందులో కుక్కాడు. ఇంకొకాయన టీ కొట్టు నుంచి చెంచా తెచ్చి పళ్ల మధ్య పెట్టబోయాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి అని నేను మొత్తుకుంటే, "మీకేం తెలుసండీ, ఇనుము తగలాలి" అని నన్నే కసిరారు. కాసేపటికి ఫిట్స్ ఆగాయి. తాళాలాయన ప్రాణదాతలా నలుగురి వైపు చూసి, గుత్తి జేబులో వేసుకుని బండెక్కి వెళ్లిపోయాడు.

మెదడులోని నాడీకణాలు ఒక్కసారిగా అదుపు తప్పి విద్యుత్ సంకేతాలు వెదజల్లితే వచ్చేది మూర్ఛ. చాలామందిలో అది ఒకటి రెండు నిమిషాల్లో దానంతట అదే ఆగుతుంది కనుక, ఆ సమయంలో తాళాలు పెట్టినా, ఉల్లిపాయ వాసన చూపించినా, దండకం చదివినా ఘనత వాటికే దక్కుతుంది. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే 108కు ఫోన్ చేయాలి, కానీ గుంపులో గడియారం చూసేవాడెవడు? మనిషి మెదడులోని విద్యుత్తును కాగితం మీద గీతలుగా చూపిన తన పరిశోధనను జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1929లోనే ప్రచురించాడు. మనవాళ్లకు ఆ కబురు ఇంకా అందలేదు.

తాళాలాయననైనా క్షమించగలను కానీ, పెళ్లి సంబంధాలు కుదిర్చే పెద్దలను ఈ జన్మలో క్షమించలేను. మా బంధువులమ్మాయికి చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉంది. మాత్రలతో అది పూర్తిగా అదుపులో ఉండేది, చదువుకుంది, ఉద్యోగం చేసుకుంటోంది. సంబంధం కుదిరాక వాళ్లమ్మ ఆ మాత్రలను రేకుల్లోంచి ఒలిచి కాల్షియం డబ్బాలో పోసి ఇచ్చింది. ఆ తరువాత అత్తగారు డబ్బా తెరిచి చూస్తే పరువేం కావాలన్న భయం పట్టుకుని, డాక్టరును ఒక్క మాట అడగకుండానే మాన్పించేశారు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపడమే ప్రమాదం, దానికి పెళ్లి హడావుడిలో నిద్రలేని రాత్రులు తోడైతే ఏం జరుగుతుందో అదే జరిగింది. సత్యనారాయణ వ్రతం పీటల మీదే ఆ పిల్ల పడిపోయింది.

ఇక చూడండి సంబరం! పిచ్చిపిల్లను అంటగట్టారని వాళ్లు, మా వంశంలో లేని జబ్బని వీళ్లు. మూర్ఛకు వంశమే కారణం కానక్కరలేదు, తలకు తగిలిన గాయం వల్లా వస్తుంది, మెదడులో చేరిన బద్దెపురుగు పిల్లల వల్లా వస్తుంది. మేము మాంసం ముట్టమని రొమ్ము విరుచుకునే మా మేనమామకు మనవి చేసేదేమిటంటే, ఆ పురుగు గుడ్లు సరిగా కడగని ఆకుకూరతోనూ కడుపులోకి వెళ్తాయి, అవి గోత్రం అడగవు. ఉన్మాదాన్నీ మూర్ఛనూ ఒకే గాటన కట్టి వివాహానికి అడ్డంకిగా చెప్పిన హిందూ వివాహ చట్టం నుంచి కూడా 1999లో పార్లమెంటు మూర్ఛను తొలగించింది. సరైన మందులు వాడితే పదిమందిలో ఏడుగురు దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. మా పెద్దలు మాత్రం పంచాయితీ పెట్టి, పిల్లను నెలల తరబడి పుట్టింట్లో కూర్చోబెట్టారు.

ఇంతకీ అల్లుడుగారికి పెళ్లికి ముందు నుంచే షుగరు ఉందట, ఆ సంగతి మాకు తరువాత తెలిసింది. దాన్ని మోసమని ఎవరూ అనలేదు, పంచాయితీ ఎవరూ పెట్టలేదు, పైగా పండక్కి వచ్చినప్పుడు ఆయన కోసం చక్కెర లేని పాయసం ప్రత్యేకంగా వండించారు.