కారు కారింది

కారు అమ్మకానికి పెట్టాను. చూసుకోవడానికి సాయంత్రం నాలుగింటికి వస్తామన్నారు. ఈలోపు దాన్ని కాస్త మెరిపిద్దామనుకున్నాను. ముందుమాట ఇంతే. మిగతాదంతా ఊదా రంగు.

మాది తెల్ల కారు. తెలుపులో ఒక సుఖం ఉంది, సన్నగీతల్ని బయటపెట్టదు. నల్లకార్ల వాళ్లని చూడండి, బండి ఎండలోకి తీయగానే బానెట్ మీద సూర్యుడి చుట్టూ గుండ్రంగా గీతలు తేలి ప్రాణం ఉసూరుమంటుంది. నిజానికి ఆ గీతలు గుండ్రంగా ఉండవు, అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వెలుతురుకి అడ్డంగా వచ్చిన ముక్కలే మెరిసి మన కంటికి సున్నాలు చుడతాయి. మాకా బాధ లేదు. మా బాధల్లా చుక్కలు. తలుపుల కింది భాగంలోనూ డిక్కీ మీదా సూదిమొనంత నారింజరంగు చుక్కలు. ఎంత కడిగినా కదలవు.

అది మురికి కాదు, ఇనుప రజను. బ్రేకు వేసినప్పుడల్లా డిస్కునుంచీ ప్యాడ్లనుంచీ రాలి, వేడిమీద ఎగిరొచ్చి, రంగు పైనుండే క్లియర్‌కోట్‌లో దిగబడి, అక్కడే స్థిరపడి తుప్పు పడుతుంది. ఆ క్లియర్‌కోట్ మందం 40–50 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే తక్కువ. కారు మెరుపంతా ఆ కాస్త పొరదే. అది నున్నగా ఉంటే పడ్డ వెలుతురు ఒక్క దిక్కుకే తిరిగొచ్చి అందులో మన మొహం కనపడుతుంది, గరుకైతే వెలుతురు చెదిరిపోయి కొత్త కారుకీ వార్ధక్యం వస్తుంది. రజను పోకుండా పాలిష్ పెట్టామా, ఆ రజన్నే గుడ్డకింద పెట్టుకుని కారంతా గీరినట్టు. అందుకే ముందు ఐరన్ రిమూవర్ కొట్టాలి. బండి నీడలో ఉండాలి, పెయింట్ చల్లగా ఉండాలి, కొట్టిన మందు ఆరిపోకముందే నీళ్లతో కడిగేయాలి. అన్నీ పాటించాను. పొల్లు పోకుండా పాటించాను. ఈ మాట ఎందుకు నొక్కుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

ఈ మందు సీసాలో ఉన్నంతసేపూ రంగులేని సాధుజీవి. ఇనుము తగిలిందా, ఎర్రటి ఊదాగా మారి ధారలు కడుతుంది. ఆ సంగతి సీసా వెనకాల రాసే ఉంది, భూతద్దం పెడితే కనపడే అక్షరాల్లో: రంగు మారుతుంది, కంగారు పడకండి అని. చదివినవాడిని నేనొక్కణ్ణే కాబట్టి కంగారు పడనివాడినీ నేనొక్కణ్ణే. కంగారు పడేవాళ్లంతా వీధిలో ఉన్నారు. వాళ్లకి సీసా ఎవరు చూపిస్తారు?

ఇక వాసన. ఇందులో ఉండేది అమ్మోనియం థయోగ్లైకోలేట్. సెలూన్లలో జుట్టుకి రింగులు తిప్పే మందులో వాడేదీ ఇదే. గంధకం కలిసిన పదార్థం కదా, కుళ్లిన కోడిగుడ్డు పగిలినట్టుంటుంది. తయారుచేసినవాళ్లు జాలిపడి చెర్రీపండు సెంటు కలిపారు. దాంతో కోడిగుడ్డు తగ్గలేదు, చెర్రీ చెడింది.

చేతులకి రబ్బరు తొడుగులు, మూతికి మాస్కు, మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు. కొట్టేశాను. కాసేపటికి చుక్కచుక్కా రంగు తేలింది. బానెట్ మీద ఏదో చిలకరింపు. తలుపుల మీద సన్నటి తీగలు. చక్రాల దగ్గరైతే ధారలే, కిందికి కారి నేలమీద మడుగు. తెల్ల కారు! చూస్తుంటే ఎంత తృప్తిగా ఉందో చెప్పలేను. పట్టిన ఇనుమంతా వదులుతోంది మరి. పైపు అందుకుని నొక్కాను. నీళ్లు రాలేదు.

పక్కింటి బాబాయ్‌గారు కుళాయి కట్టేశారు. "ఒక్క కారుకి ఎన్ని నీళ్లయ్యా?" అంటూ కుళాయికి అడ్డంగా నిలబడి నీటి పొదుపు మీద ఉపన్యాసం ఎత్తుకున్నారు. భూగర్భ జలాలు, భావితరాలు, వాళ్ల నాన్నగారు చెంబెడు నీళ్లతో సైకిల్ కడిగిన వైనం. నేను "బాబాయ్‌గారూ, ఆరిపోతుందండీ" అంటున్నాను. ఆయన "భూమే ఆరిపోతోంది" అంటున్నారు.

సరిగ్గా అప్పుడే వచ్చారు. నాలుగింటికి వస్తామన్నవాళ్లు మూడుంపావుకే దిగారు. మొగుడూ పెళ్లాం, వెంట "కార్ల గురించి బాగా తెలిసిన" స్నేహితుడు. ప్రతి కొనుగోలుకీ ఇలాంటివాడొకడు ఉంటాడు. టైరుని కాలితో తన్నడం తప్ప వాళ్లు చేసే పరీక్ష ఇంకోటి నేను చూడలేదు. ఈయన తన్నబోయి, మడుగు చూసి, కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమైందండీ?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"ఏం లేదండీ, రజను."

"రజని... ఎవరండీ?"

"ఎవరో కాదండీ, రజను. రోడ్డుమీద వెళ్తుంటే వచ్చి తగులుతుంది కదా, అదే."

నా మూతికి మాస్కు. నా చేతులకి తొడుగులు. ఆవిడ హ్యాండ్‌బ్యాగు గుండెకి హత్తుకుంది. విడమరిచి చెప్తే సర్దుకుంటుందనుకుని విడమరిచాను. "అంతటా ఉందండీ, కానీ తలుపుల దగ్గర, చక్రాల దగ్గర ఎక్కువ దిగబడిపోయింది. మామూలుగా కడిగితే వదల్లేదు. మందు కొట్టాక చూడండి, ఎలా కారుతోందో." ఇందులో ఒక్క అబద్ధం లేదు. ప్రతి వాక్యం శాస్త్రసమ్మతం. వాక్యం వాక్యానికీ వాళ్లు ఒక్కో అడుగు వెనక్కి వేస్తున్నారు.

"మరి ఆవిడ... ఇప్పుడెలా ఉన్నారు?" అంది ఆవిడ.

ఇంతసేపూ భావితరాల గురించి బెంగపెట్టుకున్న బాబాయ్‌గారికి నన్ను ఆదుకోవాలనిపించింది. "మంచి కుర్రాడండీ," అన్నారు. "నిన్న రాత్రి అందరూ పడుకున్నాక టార్చిలైటు వేసుకుని మరీ తుడిచాడు. పొద్దున్న లేచి మళ్లీ కడిగాడు. ఎక్కడా మచ్చ మిగలకూడదని పట్టుదల. మధ్యలో నేనే ఆపాను."

టార్చి వేసింది గీతలు చూడ్డానికి. పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడితే పగలు కనపడనివి బయటపడతాయి, పాలిష్ పెట్టేవాళ్లంతా చేసే పనే అది. చెప్పబోయాను. స్నేహితుడు అందుకున్నాడు: "నంబరు ప్లేటు అసలుదేనా?" కార్ల గురించి ఆయనకి తెలిసిన రెండో సంగతి ఇదన్నమాట. జవాబు వినకుండానే ముగ్గురూ బండెక్కారు. ఇంజన్ ఆపనే లేదు లెండి.

అప్పుడు వదిలారు కుళాయి. ఊదా నీళ్లు వీధి వాలు వెంట పారి తిన్నగా బాబాయ్‌గారి గేటు ముందుకెళ్లి ఆగాయి. ఆయన నావైపు చూశారు. నేను క్లే, అంటే పెయింట్ మీద రుద్ది మిగిలిన మురికిని లాగేసే మెత్తటి ముద్ద, తీసుకుని పనిలో పడ్డాను.

క్లే, పాలిష్, వ్యాక్స్ అయ్యాయి. ఎలా అయ్యాయని అడక్కండి, ఆ మూడింటికీ ఒక్క మనిషి రాలేదు, ఒక్క ప్రశ్న అడగలేదు. బ్రెజిల్‌లో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మీంచి తీసిన కార్నౌబా మైనం పట్టించి తుడిస్తే తలుపులో తల దువ్వుకునేంత నున్నగా తేలింది. చుక్క లేదు. ఫొటో తీసి వాళ్లకి పంపించాను, కింద "ఇప్పుడు అస్సలు ఆనవాలు లేదు" అని రాసి.

ఇందాకే జవాబొచ్చింది. "సగం రేటుకి ఇస్తానంటే తీసుకుంటాం. రజనిగారి విషయం మా నోటివెంట రాదు."

బాబాయ్‌గారు ఒప్పేసుకోమంటున్నారు.