తలుపు సంగతి కూడా చెప్పాల్సింది

కారు తలుపుల్లో బిగించే స్పీకర్ల గురించిన ఈ వ్యాసంలో, యాంప్లిఫయర్ వాట్స్ స్పీకర్ వాట్స్‌కు సరిపోవాలని బాగా చెప్పారు. కానీ డబ్బా మీద పెద్ద అక్షరాల్లో ఉండే 300 వాట్స్ చూసి తీసుకోవద్దండీ, అది క్షణంపాటు తట్టుకునే పీక్ లెక్క. చూడాల్సింది ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా మోగినా తట్టుకునే వాట్స్. నా స్పీకర్లది 60 వాట్స్, నిరోధం 4 ఓమ్స్. యాంప్లిఫయర్ కూడా 4 ఓమ్స్ దగ్గర చానల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 60 వాట్స్ ఇచ్చేదే తీసుకున్నాను.

అసలు సంగతి తలుపు. ఒంగోలులో ఒక షాపులో బిగించినప్పుడు లోపలి ప్లాస్టిక్ షీటు చించి అలాగే వదిలేశారు. అద్దం పక్క నుంచి వాననీళ్లు తలుపులోకి దిగడం మామూలే, కింది రంధ్రాల్లోంచి పోతాయి. ఆ షీటు లేకపోయేసరికి, తుఫాను వానలో కావలి చేరేలోపే ప్యానెల్ తడిసి, కాళ్ల దగ్గర మ్యాట్ నానిపోయింది. బాస్ కూడా డొల్లగా వినిపించేది. మళ్లీ విప్పించి, నీళ్లు పోయే రంధ్రాలు వదిలి, లోపలి రేకుకున్న పెద్ద ఖాళీలను బ్యూటైల్ అనే అంటుకునే రబ్బరు షీటుతో మూయించాను. స్పీకర్ చుట్టూ ఫోమ్ రింగు పెట్టించాను. అవే స్పీకర్లు, అప్పుడు డప్పు దెబ్బ గుండెకు తగిలింది!

బిగించేముందు అద్దం పూర్తిగా దించి చూడండి, మాగ్నెట్‌కు తగలకూడదు. బ్యాటరీ దగ్గర ఫ్యూజు లేకుండా మాత్రం యాంప్లిఫయర్‌కు కరెంటు వైరు లాగనివ్వకండి. ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే బండికే నిప్పంటుకోవచ్చు.