ట్రయల్‌కి ‘సరే’ అనే రోగి ఏం ఆశిస్తున్నాడు?

2009లో ఖమ్మం జిల్లా ఏజెన్సీ హాస్టళ్లలో ఒక అధ్యయనం కోసం ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునేది) వేసినప్పుడు చాలా సమ్మతి ఫారాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటరీ కమిటీ 2013లో దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే అప్పటినుంచి క్లినికల్ ట్రయల్‌లో, అంటే కొత్త మందునో టీకానో మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనంలో చేరినవాళ్లంటే మోసపోయినవాళ్లేనన్న అభిప్రాయం మనలో నాటుకుపోయింది. తెలిసే, ఆలోచించుకునే చేరేవాళ్లు ఎందరో ఉన్నారు.

పెద్దాసుపత్రి ఓపీకి వచ్చే క్యాన్సర్ రోగినే తీసుకోండి. పొద్దున్నే చీటీ రాయించుకుని మధ్యాహ్నందాకా కూర్చుంటే డాక్టరు దగ్గర దక్కేది రెండు మూడు నిమిషాలు. అదే ట్రయల్‌లో ఉంటే కోఆర్డినేటరే ఫోన్ చేసి ‘మాత్ర వేసుకున్నారా, వాంతులేమైనా అయ్యాయా’ అని కనుక్కుంటారు. ట్రయల్ కోసం చేసే స్కానింగులకు, రక్తపరీక్షలకు డబ్బు కట్టక్కర్లేదు. చాలాచోట్ల రానుపోను చార్జీలూ ఇస్తారు. ఉన్న మందులు పనిచేయడం మానేసినవాళ్లకు కొత్త మందు మీద ఆశ సరేసరి. ఇక నలుగురికీ పనికొస్తుందని వచ్చేవాళ్లూ లేకపోలేదు. 2020 జులైలో హైదరాబాద్ నిమ్స్‌లో కోవాగ్జిన్ తొలి దశ టీకా వేయించుకున్నది ఆరోగ్యంగా ఉన్నవాళ్లే.

కానీ నా ఉద్దేశంలో అన్నిటికన్నా బలమైన కారణం డాక్టరు మీద నమ్మకం. పేజీలకు పేజీలున్న సమ్మతి పత్రం చేతికిస్తే, తిరగేయకుండానే ‘మీరెలా అంటే అలా సార్’ అని వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపుతారు. నాకు టెన్షన్ పుట్టించేది ఇక్కడే. తన ఒంటికి ఏది మంచిదో చూసి డాక్టరే ఆ మందు ఎంచారని రోగి అనుకుంటాడు. చాలా ట్రయల్స్‌లో కొత్త మందు ఎవరికి, పాత మందు ఎవరికి అన్నది కంప్యూటర్ లాటరీ తేలుస్తుంది. కొన్నిటిలో ఎవరికి ఏది పడిందో డాక్టరుకూ తెలియదు.

క్లినికల్ ట్రయల్స్ కోసం కేంద్రం 2019లో తెచ్చిన నిబంధనల్లో రక్షణలు బాగానే ఉన్నాయి. చదువురానివాళ్లకు నిష్పాక్షిక సాక్షి ఉండాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. అయినా కాగితం ఇచ్చిన గంటలోనే సంతకం అడిగితే వీటివల్ల ఒరిగేదేముంది? దాన్ని ఇంటికి పంపాలి, ఇంట్లోవాళ్లతో మాట్లాడుకోనివ్వాలి.

చాలామందికి అడగాలని తోచని ప్రశ్న ఇంకోటుంది: ట్రయల్ అయిపోయాక మందు ఎవరిస్తారు? మందు గుణమిచ్చి, దానికి ప్రత్యామ్నాయం లేకపోతే, డాక్టరు సిఫారసు మీద ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరినవాళ్ల హక్కులు, భద్రత చూసే సంఘం) ఒప్పుకుంటే, ఆ తర్వాత కూడా ఉచితంగా ఇవ్వడానికి అవే నిబంధనల్లో వీలుంది. ఈ సంగతి సమ్మతి పత్రం మొదటి పేజీలోనే తేట తెలుగులో రాయాలి, సంతకానికి ముందు చదివి వినిపించాలి.